అంజనప్ప ద్వికార్బురేటర ప్రతిష్ఠ

పెనుకొండ దుర్గశిలలను సూర్యుడు పెనము మీది రొట్టెలవలె కాల్చుచుండగా, ధర్మవరపు మగ్గములు టకటకమని పట్టంచులు నేయుచుండగా, హిందూపురపు మార్కెట్టులో చింతపండు గుట్టలు కొండలతో పోటీకి దిగుచుండగా, క్రీస్తుశకము పందొమ్మిదివందల తొంబదియెనిమిదవ యేట, వైశాఖమాసమున, ఒక శుక్రవారము, హోటళ్లలో ఇడ్లీలు అయిపోయిన వేళ, హిందూపురపు రోడ్డుపక్క రేకులషెడ్డులో ఒక మహాసంగ్రామమునకు బీజము పడెను. వినదలచినవారు వినుడు. పని ఉన్నవారు పోవచ్చును.

ఆ షెడ్డునకు ఏలిక మెకానిక్ అంజనప్ప. లారీ టైరు పేలుడునకు కుడిచెవిని, సుత్తిదెబ్బకు బొటనవేలి గోరును సమర్పించుకొన్న త్యాగధనుడు, స్పానరాయుధ ధురంధరుడు, గ్రీజుచందన చర్చిత గాత్రుడు, రోజుకు పది మాటలు మించి ఖర్చు చేయనివాడు. అతని యెదుట మూడు నెలలుగా కదలక పడియున్నది ఒక ఎర్రని విదేశీ స్పోర్ట్సు కారు. వయసు పాతిక, ఎత్తు నడుము దాకా, సీట్లు రెండే. దాని గుండెలో ఫ్యూయల్ ఇంజెక్షన్ అనబడు మాయాయంత్రము, పెట్రోలును సూదులగుండ చిమ్మునట్టిది, కాలధర్మము చెందెను. దానికి మారుసామాను సప్తసముద్రముల కావల కూడ దొరకుట మానినది.

కారు యజమాని, ధర్మవరపు పట్టుచీరల వ్యాపారి గంగాధర్, షెడ్డు వాకిట నిలిచి గర్జించెను.

"ఏమప్పా అంజనప్పా, మూడు నెల్లాయ. నా కారు కింద కోళ్లు పొదగేసినావా? వచ్చే శుక్రవారం నేనే పక్కన కూచుంటా. ఈన్నుంచి ధర్మవరం దాకా యాడన్నా ఒక్కసారి ఆఫ్ అయిందా, ఆణ్ణే పాతినుము గుజరీవానికి అప్పజెప్తా. గ్యాసుకట్టరుతో కోసి కాటాకేసుకుంటాడు."

ఈ మూడు నెలలు ఆ కారుకే వీపానించి అంజనప్ప సద్దిమూట విప్పెను. ప్రతి ఉదయము భార్య పాతచీరతో దాని దుమ్ము తుడిచెను. ఈ సంగతి భార్యకును తెలియదు. అతని హృదయగహ్వరమున ఇట్లు సింహనాదము పుట్టెను: "ఓయీ పట్టువణిక్కులావతంసమా! సూదుల యంత్రము చచ్చిన చచ్చుగాక! పెట్రోలును చనుబాలవలె తాగించు జంట కార్బురేటర్లను ఈ రక్తవర్ణరథమున ప్రతిష్ఠించి, ధర్మవరము దాకా దీని ఊపిరి నిలుపకున్న, ఈ చేత మరల స్పానరు పట్టనేరను!"

బయటికి మాత్రము, "సరేప్పా" అనెను.

అంతట ప్రళయకాల రుద్రునివలె ఇంజనుపై పడి, సూదులను పీకి, తీగలను పెరికి, రెండు పాత అంబాసిడర్ల కార్బురేటర్లను తెచ్చి, అల్యూమినియం పలకను రెండు దినములు ఆకురాయితో అరగదీసి, వానిని బిగించెను. అయితే వీరులకును పొరపాట్లుండును. పాత విద్యుత్ పంపు బాగానే యున్నది గదా, పారేయుట యెందుకని అచటనే యుంచెను. సూదులలో దూర్చుటకై పుట్టిన ఆ పంపు బలమెక్కడ, గుక్కగుక్కగా తాగు కార్బురేటర్ల సుకుమారమెక్కడ! తాళము తిప్పినంతనే పెట్రోలు ఆకాశగంగవలె ఎగసి అంజనప్ప శిరస్సును అభిషేకించెను. నోటిలోని బీడీ, పూర్వజన్మ సుకృతమున, అప్పటికే ఆరియుండెను.

ఎదురుగానున్న టీకొట్టు తిమ్మప్ప కేకవేసెను. "ఏమబ్బా, పెట్రోలుతో తలంటుకుంటాండావు! సీకాయపొడి ఇయ్యల్లా?"

అంజనప్ప తల తుడుచుకొని, ఆ పంపును తీసి, ఒక పాత వ్యాను నుండి మెత్తని పంపును తెచ్చి వేసెను. ఇంజను మేలుకొనెను. కాని మేలుకొని, దగ్గి, మూర్ఛపోయెను. రెండు కార్బురేటర్లును సమముగా గాలి పీల్చవలెను. రబ్బరు గొట్టము చెవికి పెట్టి, ఆ బుసను విని, మరలు తిప్పవలెను. అంజనప్ప కుడిచెవి సున్న. ఎడమది దానికంటె కొంచెము మేలు.

గురువారము, మొపెడ్ బాగుచేయించుకొన వచ్చిన నిర్మల ఈ దృశ్యము చూచెను. ఆమె ప్రభుత్వాసుపత్రిలో కాన్పుల నర్సు. వేలకొలది గర్భస్థ శిశువుల గుండెచప్పుడు విన్న కర్ణద్వయ సంపన్నురాలు.

"ఏందన్నా, గొట్టం పెట్టుకోని ఏం ఇంటాండావు?"

"రెండూ ఒకేమాదిరి పీలుస్తాండాయా అని."

"ఇనపడిందా?"

"లేదు."

"తప్పుకో." సంచి నుండి స్టెతస్కోపు తీసి, చివరనున్న బిళ్ల ఊడదీసి, ఆమె గొట్టమును ఒక్కొక్క కార్బురేటరు నోటి చెంత పెట్టి కనులు మూసికొనెను. "కవలలా? ఎడమపక్కోడు పాలన్నీ వాడే తాగేస్తాండాడన్నా. కుడిపక్కోడు పస్తు. వాణ్ణి కొంచిం వదులు చెయ్. ఇంగా కొంచిం. ఆ... చాలు! చాలంటే ఇనపడదా!"

ఇంజను ఝుమ్ముమను తుమ్మెదవలె పాడసాగెను.

"తల్లీ బిడ్డలు క్షేమం," అని నిర్మల మొపెడ్ ఎక్కెను.

శుక్రవారము రథము కదలెను. పెనుకొండ దాటెను, కొత్తచెరువు దాటెను. ధర్మవరము కనుచూపు మేరలో నుండగా రైలు గేటు పడెను. ఆ సీమలో గేటు పడిన క్షణమే బండ్లన్నియు ఆఫ్ చేయుట వేదవిధి. లారీలు ఆగెను, ఆటోలు ఆగెను, వెనుక బస్సు నిట్టూర్చి నిద్రించెను. ఆ మహానిశ్శబ్దమున ఒక్క ఎర్రకారు మాత్రము డుగడుగలాడుచుండెను.

గంగాధర్ కనులు క్రిందికి పోయెను. "ఓహో! పొద్దున్నుంచి యాక్సిలరేటరు కాలితో మీటుతానే ఉండావే. కాలు తీయి, చూస్తా."

అంజనప్ప రెండు కాళ్లును ఎత్తి సీటుపై బాసిపట్టు వేసికొని కూర్చుండెను. గూడ్సు వచ్చెను, తొందరలేని గూడ్సు. పది పెట్టెలు. ఇరువది.

"ఏమప్పో, ఇంట్లో పెట్రోలు బావి తవ్వినారా? ఆపండప్పా!" అని లారీ డ్రైవరు అరచెను. ఆటోవారు నవ్విరి. కడకు గంగాధర్‌కే వ్యాపారరక్తము పొంగెను. "నిజమేలేప్పా, ఆఫ్ చేద్దాం. పెట్రోలు దండగ," అని తాళమునకు చేయి చాచెను.

అంజనప్ప ఆ మణికట్టును మకరమువలె పట్టెను. "చెయ్యి తీయప్పా. రైలు పోనీ."

నలుబదవ పెట్టె వద్ద కారు ఇంజను దగ్గెను. మరల దగ్గెను. అంజనప్ప కాలు దిగబోయి, దిగక, మడతలోనే నిలిచెను. గుజరీవాని నీలిజ్వాల అతని కనులయెదుట ఆడెను. కవలలు ఒక గుటక మ్రింగిరి, ఇంకొక గుటక మ్రింగిరి, మెల్లగా తేరుకొని పాడసాగిరి. యాబదియెనిమిదవ పెట్టె పోయెను. గార్డు పోయెను. గేటు లేచెను.

బస్సు గుర్రుమని మూలిగి లేవకపోయెను. ప్రయాణికులు తోయుటకు దిగిరి. లారీ మూడుమార్లు తుమ్మెను.

గంగాధర్ ముందుకు చూచుచు నిదానముగా పలికెను. "కాళ్లు దించప్పా. గుజరీవాడు ఇంగో బండి చూసుకుంటాడులే."

ఇట్లు రాయలసీమ భూమండలమున, పెట్టెలు యాబదియెనిమిది, గార్డుపెట్టె యొకటి సాగిపోవునంతటి మహాకాలము కాలు మోపకయే ఊపిరి నిలిపి, అంజనప్ప రక్తవర్ణరథము సకల శకటసేనను వెనుకనిడి, ఎదుటి సైకిలుకు మాత్రము దారి ఇచ్చి, రైలు గేటును రెండవదిగా దాటెను.