నెమలి చాకు మడతపేచీ

"ఈ గురజాలలో నేరం చేసినవాడు కృష్ణ దాటి అవతలి రాష్ట్రంలో దాక్కున్నా నా భూతద్దం కిందికి రాక తప్పదు" అని గోపాలకృష్ణయ్య ప్రకటించాడు. నోటి దాకా వెళ్ళిన పెసరట్టు ముక్కని సాంబశివరావు మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. ఆ ప్రకటన వెలువడిందంటే ఆ రోజుకి తన స్కూటరూ తన మనశ్శాంతీ రెండూ ఎదుటివాడి స్వాధీనమని ఆయనకి అనుభవం.

గోపాలకృష్ణయ్య నడికుడి జంక్షన్లో గూడ్సు క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాడు. మర్నాడు పొద్దున్నే డిటెక్టివ్ అయ్యాడు. ఈ ఆరేళ్ళలో రెండు కేసులు తేలాయి. తప్పిపోయిన గేదె దానంతటదే ఇంటికొచ్చింది. పోయిన కళ్ళజోడు ఆయన నుదుటి మీదే ఉన్నట్టు భార్య కనిపెట్టింది. సాంబశివరావు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేశాడు కాబట్టి, నేరస్థుల బొమ్మలు గీయడానికి పనికొస్తాడని ఆయన్ని అసిస్టెంటుగా వేసుకున్నాడు.

మూడో కేసు కొండమ్మది. ఆవిడ భర్త అంకారావు పోయి పద్నాలుగేళ్ళయింది. ఆయన మొలలో ఎప్పుడూ ఉండే నెమలి మార్కు మడతచాకుని ఆవిడ అప్పుడే గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకుంది, మళ్ళీ విప్పి చూసింది లేదు. మొన్న ఇంటికి సున్నాలు వేయిస్తూ కోడలు దేవిక పెట్టె సర్దింది. ఆ తర్వాత కొండమ్మ చాకు తీసి చూసుకుంటే అది ఆయన చాకు కాదట. అసలుది ఎవరికో ఇచ్చేసి దీన్ని పెట్టావని ఆవిడ కోడల్ని అనేసింది. ఆ మాటతో అత్తాకోడళ్ళ మధ్య పలుకులు ఆగి పన్నెండు రోజులైంది. కొడుకు పవన్ ఇద్దరికీ సర్దిచెప్పలేక పొద్దుగూకులూ మిరపతోటలోనే కాలక్షేపం చేస్తున్నాడు. దేవిక చిలకలూరిపేటలోని పుట్టింటికి పోవడానికి బట్టలు సర్దుకుంది.

గోపాలకృష్ణయ్య ముందుగా వేలిముద్రలు పట్టాలన్నాడు. పౌడరు లేకపోతే పసుపు తెప్పించి చాకు మీద చల్లి ఊదాడు. కొండమ్మ కొత్త సున్నం గోడ అరబారు మేర పచ్చబడింది. ముద్రలు మాత్రం స్పష్టంగా వచ్చాయి. అయిదుకి అయిదూ ఆయనవే.

"అన్నయ్యా, నేను కొన్న చాకుకి పిడికి రెండే మేకులు. దీనికి మూడున్నాయి. కొసన ఈ రింగేంది? నేనేమన్నా గుడ్డిదాన్నా?" అంది కొండమ్మ.

"చూస్తే చిన్న చాకే చెల్లెమ్మా. దీని వెనక పాతవస్తువుల్ని దేశాలు దాటించే ముఠా ఉంది" అన్నాడు గోపాలకృష్ణయ్య.

గుమ్మంలో నిలబడిన దేవిక మాత్రం నెమ్మదిగా సాంబశివరావుతో ఒకే మాట చెప్పింది. "నేను దాన్ని ముట్టుకోనేలేదు బాబాయ్. నా మాట ఎవరూ నమ్మట్లా." ఆ పిల్ల కళ్ళు చూశాక సాంబశివరావుకి స్కూటరు తీయడానికి మనసొప్పింది.

నెమలి చాకులు చేసే కొట్టు నరసరావుపేటలో ఉంది. అది మామగారి నుంచి కోడలు అబిదా చేతికి వచ్చింది. గోడకి ఒక చెక్క తగిలించి, మొదటి రోజుల నుంచి ఇప్పటిదాకా చేసిన చాకుల్ని వరసగా దాని మీద బిగించారు. అబిదా ఒక్కొక్కటే చూపించి చెప్పింది. మొదట్లో పిడికి రెండే ఇత్తడి రివెట్లు. రెంటచింతల ఎండలకి పిడి చెక్క బీటలు తీస్తోందని అక్కడి రైతులు గోల పెడితే తొంభై నాలుగులో మూడోది వేశారు. పొలంలో జారిపోతోందన్నారని రెండువేల రెండులో కొసన రింగు పెట్టారు, మొలతాడుకి కట్టుకోవడానికి. బ్లేడుని లాగడానికి గోరు పెట్టే గాడి మొదట పొట్టిగా నెలవంకలా ఉండేది. మిర్చి కోసే వేళ్ళకి గోళ్ళెక్కడుంటాయని రెండువేల ఎనిమిదిలో దాన్ని పొడుగు చేశారు. బొటనవేలు ఆనడానికి పిడి మీద పల్లం కూడా అప్పుడే వచ్చింది.

గోపాలకృష్ణయ్య కొండమ్మ చాకుని బల్ల మీద పెట్టాడు. మూడు రివెట్లు, రింగు, పల్లం, అన్నీ ఉన్నాయి. కొండమ్మ చాకు కొన్నది ఎనభై ఆరులో. ఆయన మీసం దువ్వుకున్నాడు.

"ఎనభై ఆరులో కొన్న చాకుకి రెండువేల ఎనిమిది పిడి ఎట్టా వస్తుంది? కేసు నా పిడికిట్లోకొచ్చింది" అన్నాడు.

సాంబశివరావు చాకు బొమ్మ గీస్తూ గీస్తూ ఆగాడు. పిడి కొత్తదే, కానీ బ్లేడు మీద గాడి పొట్టిగా, నెలవంకలా ఉంది. ఆ సంగతి చెప్పబోతే, అసిస్టెంట్లు గీయాలే గానీ మాట్లాడకూడదని గోపాలకృష్ణయ్య కసిరాడు. అబిదా కూడా "సార్, పిడి ఒక్కటే..." అని మొదలుపెట్టింది. సాక్షులు అడిగినదానికే జవాబు చెప్పాలని ఆమె నోరూ మూయించాడు. ఇంత పిడివాదం చేసేవాణ్ణి తన సర్వీసులో చూడలేదని సాంబశివరావు లోలోపల అనుకున్నాడు.

మర్నాడు పొద్దున కొండమ్మ వసారాలో గోపాలకృష్ణయ్య అందరినీ కూర్చోబెట్టాడు. పవన్ని తోట నుంచి రప్పించారు. దేవిక సంచి గుమ్మం పక్కనే ఉంది. పదకొండింటి బస్సుకి ఆమె ప్రయాణం.

అరగంట ఉపన్యాసంలో గోపాలకృష్ణయ్య పిడిలో పుట్టిన మార్పులన్నీ వివరించి, చాకు మారిందన్నది తిరుగులేని సత్యమని తేల్చాడు. పెట్టె ముట్టుకున్నది ఒక్కరే కాబట్టి, ఆ ఒక్కరూ ముఠా నాయకుడి పేరు చెప్పేస్తే శిక్ష తగ్గేలా తాను చూస్తానన్నాడు. దేవిక తల వంచుకుంది. సాంబశివరావుకి ఆ క్షణంలో స్నేహితుడి మీద మొదటిసారి నిజంగా కోపం వచ్చింది.

"గోపాలం, ఆ బ్లేడు మీది గాడి చూడు ముందు" అన్నాడు.

తెరిచే చూపిస్తానని గోపాలకృష్ణయ్య గోరు పెట్టి లాగాడు. రాలేదు. నిన్న చల్లిన పసుపు తడి తగిలి మడతలో గట్టిపడింది. పళ్ళతో లాగితే కట్టుడుపళ్ళు కదిలాయి గానీ చాకు కదల్లేదు. పక్కనున్న రోటి అంచుకేసి మెల్లిగా ఒకటి తట్టాడు. ఆయన మెల్లిగా అనుకున్నా, అది గూడ్సు మూటల మీద ముద్రలు గుద్దిన చెయ్యి. పిడి చెక్కలు చెరోవైపూ ఎగిరిపోయాయి. కొండమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

సాంబశివరావు వంగి, మిగిలిన బ్లేడుని తీశాడు. పిడిలో దాగి ఉండే మొదలు మీద ఏవో గీతలు కనిపించాయి. కండువాతో తుడిచి చూస్తే సన్నటి ఉలితో చెక్కిన అక్షరాలు. అం.రా. 96. దాని కింద అం.రా. 04. దాని కింద అం.రా. 09.

సాంబశివరావు వెంటనే అబిదాకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"పిడి ఇరిగితే బ్లేడు అదే ఉంచి కొత్త పిడి ఏస్తాం సార్. ఆ ఏడు ఎట్టాంటి పిడి చేస్తుంటే అదే వస్తది. ఒకరిది ఇంకొకరికి పోకుండా పేరు, సంవత్సరం లోపల గీస్తాం. నిన్న అదే చెబుదామంటే ఆ సారు చెప్పనిస్తేగా" అంది అబిదా.

కొండమ్మ బ్లేడుని చేతిలోకి తీసుకుని, మూడు వరసల మీదా వేలు పెట్టి నెమ్మదిగా చదువుకుంది. పెళ్ళైన ఏడాది కోటప్పకొండ తిరునాళ్ళలో, పత్తి తీసిన కూలి డబ్బుతో ఆయనకి కొనిచ్చింది. ఇది విరగ్గొట్టావంటే నేనంటే నీకు లెక్కలేనట్టే అని సరదాకి ఒక మాట అంది. ఆ మాట అన్న సంగతి ఆవిడ మర్నాటికే మర్చిపోయింది. ఆ మనిషి మర్చిపోలేదు. మూడుసార్లు విరగ్గొట్టి, మూడుసార్లూ ఎరువులకనో విత్తనాలకనో చెప్పి నరసరావుపేట పోయి, బాగుచేయించుకుని, ఏమీ ఎరగనట్టు మొలలో దోపుకుని వచ్చాడు.

"నాకు భయపడ్డావా పిచ్చోడా" అంది కొండమ్మ బ్లేడుతో. నవ్వు వచ్చింది, దాంతోపాటు కళ్ళ నీళ్ళూ వచ్చాయి. కొంగుతో తుడుచుకుని గుమ్మం దాకా వెళ్ళి, కోడలి సంచి తానే తీసింది. "తప్పు నాది దేవికా. చానా మాటలన్నా. నువ్వు పోతానంటే ఆపే మొహం నాకు లేదు. కానీ పోమాక."

దేవిక కాసేపు ఆవిడ చేతిలోని సంచి వైపు చూసింది. "బరువుంది, ఇటియ్యత్తా" అని అందుకుని లోపలికి పట్టుకెళ్ళింది.

నేరస్థుణ్ణి పట్టుకోవడానికి సాక్ష్యాన్ని పగలగొట్టడం విదేశీ పద్ధతని గోపాలకృష్ణయ్య చెబుతున్నాడు. పవన్ ఒక్కడే విన్నాడు, అదీ మర్యాదకి.

ఆ వారంలోనే అత్తాకోడళ్ళిద్దరూ బస్సెక్కి నరసరావుపేట వెళ్ళారు. ఇప్పుడు చేస్తున్న పిడినే వేయమంది కొండమ్మ. అబిదా ఉలి పట్టుకుని, మూడు వరసల కింద ఏం గీయమంటారని అడిగింది. కొండమ్మ కోడలి వైపు చూసింది.

"నా కోడలి పేరు గియ్యమ్మా. ఇంక ఇది ఇరగ్గొట్టుకున్నా ఎవరి దగ్గరా దాచే పనుండదు."

అబిదా నాలుగో వరస మొదలుపెట్టింది.