మా అత్త పాడిన పది సీడీలు

ధర్మవరంలో నన్ను సోమశేఖర్ అంటే ఎవరూ గుర్తుపట్టరు. అగ్గిపుల్ల సోమశేఖర్ అనాలి. చీర చేతికి రాగానే ఒక జరీ పోగు లాగి, అసలుదో నకిలీదో కాల్చి చూస్తే గానీ కొనను. పెళ్లిచూపుల్లో కూడా మా ఆవిడ సువర్ణ కొంగు పోగు లాగబోయానని మా అత్త అందరికీ చెప్పి నవ్వేది. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

అత్త పేరు వరలక్ష్మమ్మ. ఆమె నేసిన చీరలు మా కొట్లోనే అమ్మేవాళ్లం. మగ్గం మీద కూర్చుంటే ఆమె నోట పాట ఆగేది కాదు. నా పెళ్లైన కొత్తలో, పెళ్లి వీడియోలు తీసే ఒకాయన ఆ పాటలు రికార్డు చేసి పది సీడీలు ఇచ్చాడు. ఆ గొంతుకు మిగిలిన గుర్తు అవే. అవి వేసుకునే పెట్టె ఎప్పుడో చెడిపోయింది.

"అమ్మ సంవత్సరీకం పొద్దు ఆ పాటలు అందరికీ వినిపియ్యాల. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తావా, హరితకు చెప్పేదా?" అంది సువర్ణ. హరిత ఆమె అన్న కూతురు, అనంతపురంలో చదువుతోంది.

"నేనుండంగా పిల్లోళ్లకేంటికి?" అన్నాను. ఆ మాటే నా కొంప ముంచింది.

సీడీలోని పాటలను ఫైళ్లుగా మార్చే సాఫ్ట్‌వేర్లు ఊరికే దొరుకుతాయట. అక్కడే నాకు అనుమానం వచ్చింది. మా ఇంటి ముందు గదిలోనే కొట్టు. దాని మీద 'చీర కొంటే జాకెట్ గుడ్డ ఉచితం' అని ఇరవై ఏళ్లుగా బోర్డు వేలాడుతోంది. ఆ గుడ్డ ధర చీరలో ఎక్కడ దాక్కుని ఉందో నాకు తెలుసు. ఇక నాకెవరైనా ఊరికే ఏదైనా ఇస్తానంటే నమ్మేదెట్లా?

నోటు పుస్తకంలో నాలుగు సాఫ్ట్‌వేర్ల పేర్లు రాసుకుని పరీక్ష మొదలుపెట్టాను. మొదటిదాని నిండా ప్రకటనలే. కొట్టేశాను. రెండోదాంట్లో ఒక్క ప్రకటనా లేదు. అది మరీ అనుమానం, కొట్టేశాను. మూడోది పాట ఏ రకంలో కావాలని అయిదు రకాలు చూపించింది. అన్ని రకాలు చూపించేది ఖరీదైనది అంటగట్టడానికేనని ఏ వ్యాపారికైనా తెలుసు. నాలుగోది, ఇష్టముంటే విరాళం ఇవ్వమంది. 'ఇష్టముంటేనే తీసుకోండమ్మా' అని నేనూ రోజుకు నలభైసార్లు అంటాను.

పదిరోజులు గడిచాయి. నడుమ ఒక శనివారం హరిత కూడా వచ్చి పోయింది.

"ఏమప్పా, ఇంగా ఎంచుతానే ఉండావా? నన్ను చూసేకి వచ్చిన పొద్దు కూడా ఇంతసేపు పట్టలేదే."

"అప్పుడు తొందరపడినా కాబట్టే ఇప్పుడు నిదానిస్తాండా."

"తొందరపడింది నువ్వు కాదు, మా నాయన," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

చివరికి నా తెలివి నాకే ముద్దొచ్చింది. సీడీ పెట్టగానే పాటలన్నీ వరుసగా కనిపిస్తున్నాయి కదా. వాటిని పట్టి లాగి ఫోల్డర్‌లో పడేశాను. సీడీకి ఒక్క క్షణం పట్టింది. ఫోల్డర్‌లో నొక్కితే అత్త గొంతు ఖంగుమంది. ఒక్కో సీడీకి రెండు సెకన్లు విని, సరే అనుకుని తీసేశాను.

మర్నాడు ముదిగుబ్బ నుంచి తిప్పయ్య వచ్చాడు. పాత బేరగాడు. అప్పుడే మొలకెత్తిన శనక్కాయ చేలో కాకులు విత్తనం తవ్వేస్తున్నాయని ఏడ్చాడు.

"తళతళమనే బిళ్లలు కడితే రావంటన్నా," అన్నాడు.

పది సీడీలూ ఇచ్చేశాను, సువర్ణకు ఒక్క మాట చెప్పకుండా. దానం చేశానని గర్వం కూడా పడ్డాను.

సంవత్సరీకానికి ముందురోజు స్పీకర్లు తగిలించి నొక్కాను. డిస్కు పెట్టమంది. ఇంకోటి నొక్కాను. డిస్కు పెట్టమంది. కంప్యూటర్లు బాగుచేసే శశిని పిలిపించాను.

"అన్నా, దీంట్లో పాటల్లేవు," అన్నాడు శశి. "ఏ పాట సీడీలో యాడుందో చెప్పే చీటీలు మాత్రమే ఉండాయి. ఆ పొద్దు సీడీ లోపలుండింది కాబట్టి పాడింది."

బైకు ఎలా తీశానో, ముదిగుబ్బ ఎలా చేరానో గుర్తులేదు. చేలో మా అత్త పాటలు దారాలకు వేలాడుతున్నాయి.

"కాకులు భయపడినాయా తిప్పయ్యా?"

"యాడన్నా. వాటి పక్కనే కూసోని ఊగుతాండాయి."

రెండింటిని గొర్రెలు తొక్కేశాయి. మిగిలిన ఎనిమిదింటి మీద దుమ్ము పేరుకుంది. చొక్కా అంచుతో రుద్దితే ఉన్న గీతలకు కొత్త గీతలు తోడయ్యాయి. ఇంటికి తెచ్చి పెడితే కంప్యూటర్ గరగరమని ప్రతిదాన్నీ బయటికి నెట్టేసింది.

సువర్ణ రేపటి కోసం దీపపు సెమ్మెలు తోముతోంది. ఎదురుగా నిలబడ్డాను.

"అమ్మ గొంతు నేను పోగొట్టినా," అని జరిగిందంతా చెప్పాను.

ఆమె తోమడం ఆపలేదు. "నువ్వు నోటు పుస్తకం తీసిన పొద్దే అనుకున్నా. ఆ శనివారం హరిత వచ్చింది కదా. నువ్వు బువ్వ తిని పండుకుని లేచేలోపల, నీ కంప్యూటర్‌లోనే పదీ ఎక్కించి నా ఫోన్‌లో పెట్టింది. నువ్వు కొట్టేసిన రెండోదాంతోనే."

"మరి నాకేంటికి చెప్పలేదు?"

"ఒక్క పాటన్నా కూసోని వింటావేమో అని చూసినా. రెండు సెకన్లు విని తీసేస్తివి. సీడీలు కాకులకు ఇస్తావని మాత్రం అనుకోలే."

చేతులు తుడుచుకుని ఫోన్ నా ముందు పెట్టింది. మగ్గం చప్పుడు, దాని మీద అత్త పాట. సగంలో పాట ఆగింది.

"అల్లుడొచ్చినాడు. కూసో అల్లుడా, ఈ పాట విని పో."

తరువాత వినిపించింది నా గొంతే, పద్దెనిమిదేళ్ల కిందటిది. "బస్సుకు పొద్దయితాంది అత్తా. చీరలియ్యి. ఇంకోసారి వింటాలే."

"సరేలే, ఇంకోసారి విందువు," అని ఆమె నవ్వింది. మళ్లీ మగ్గం ఆడింది.

ఆ తరువాత వారం వారం చీరల కోసం ఆ ఇంటికి వెళ్లాను. ప్రతి చీరలో పోగు లాగి కాల్చి చూశాను. ఒక్క పాటా చివరిదాకా వినలేదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. కొట్లో ఎవరో పిలుస్తున్నారని లేవబోయాను.

సువర్ణ వెళ్లి కొట్టు తలుపు మూసి వచ్చింది.

"కూసో," అంది. "ఇంగా తొమ్మిదుండాయి."