పనిచేయని ఏసీని సమర్థంగా వాడే విధానం

“వేసవిలో కారు ఏసీని వాడే తీరును బట్టే మనిషి నాగరికతను కొలవాలి!”

ఈ మహావాక్యం ఏ శాస్త్రవేత్తదీ కాదు, నా తోడల్లుడిది. మా ఆవిడ అక్కను పెళ్లాడిన పుణ్యాన ఆయన అన్ని విషయాల్లోనూ నాకంటే ఆరు నెలలు ముందుంటాడు. ఎండలో నిలిపిన కారెక్కగానే ముందు అద్దాలు దించి వేడిగాలిని బయటికి సాగనంపాలట. ఆ తర్వాత అద్దాలు మూసి, బయటి గాలి లోపలికి రాకుండా మీట నొక్కాలట. పదహారు డిగ్రీల్లో పెట్టడం తిండిపోతుతనమట, ఇరవై నాలుగులో పెట్టడం పెద్దమనిషి లక్షణమట. ఆయన చెబుతుంటే నేను బుద్ధిగా తలూపేవాణ్ణి. నా కారులో ఏసీ చచ్చి అప్పటికి పది నెలలు.

ఈ సంగతి నాకూ, మా ఆవిడకూ, మెకానిక్కుకూ తప్ప నాలుగో మనిషికి తెలియదు. “అక్కావాళ్ల ముందు అద్దం దించారంటే మన పరువు దించినట్టే!” అని ఆవిడ హుకుం జారీ చేసింది. అందుకని ఎంత ఎండలోనైనా అద్దాలు బిగించుకుని, లోపల ఇడ్లీల్లా ఉడుకుతూ, తెలిసినవాళ్లు కనిపిస్తే చిరునవ్వులు చిందిస్తూ తిరిగేవాళ్లం. ఏసీ ఉన్నవాడు నవ్వక్కర్లేదు. లేనివాడికి తప్పదు.

అంతలో మా మామగారికి ఆహ్వానం వచ్చింది. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. పాత ఆఫీసుకు కొత్త భవనం కట్టారు, ప్రారంభోత్సవంలో నిజాయితీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నలభై కిలోమీటర్ల ప్రయాణం, అదీ మిట్టమధ్యాహ్నం! ఆయనకు బీపీ ఉంది, వేడి తగిలితే ప్రాణానికే ముప్పు, వెళ్తే ఏసీ కారులోనే వెళ్లాలని డాక్టరు ఖండితంగా చెప్పాడు.

“అల్లుళ్లిద్దరికీ ఏసీ కార్లున్నాయి, నాకేం లోటు!” అన్నారు మామగారు. కానీ ఎవరి కారెక్కితే ఎవరికి కోపమో! ముప్పై ఏళ్లు తక్కెడ ముల్లు చూసిన మనిషి కదా, కొలిచి మరీ తీర్పు చెప్పారు. మొదటి ఇరవై కిలోమీటర్లు ఆయన నా కారులో, అత్తగారు పెద్దల్లుడి కారులో. సరిగ్గా సగం దారిలో ఇద్దరూ కార్లు మారతారు. గ్రాము తేడా లేదు!

“నిజం చెప్పేద్దామే. ఆయనకేమైనా అయితే?” అన్నాను మా ఆవిడతో.

“ఇరవై కిలోమీటర్లు ఎంతసేపండీ! ఆ తర్వాత బావగారి కారులో చల్లగా కూర్చుంటారుగా!” అంది. తండ్రి మీద ప్రేమ లేక కాదు. అక్కతో పోటీ అంతకంటే పాతది.

బయలుదేరాం. మామగారు కోటు వేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. తోడల్లుడి శాస్త్రం నాకు మొదటిసారి అక్కరకొచ్చింది. వేడిగాలిని సాగనంపే నెపంతో మూడు వీధులు అద్దాలు దించే నడిపాను. రోడ్డెక్కేసరికి వెనక తోడల్లుడి కారు కనిపించింది. అద్దాలు ఎత్తక తప్పలేదు. ఫ్యాను మీట చివరిదాకా తిప్పితే ఇంజను వేడి కూడా కలుపుకుని గాలి ముఖాన కొట్టింది.

“వేశారా అల్లుడుగారూ, ఏసీ?” అన్నారాయన.

“వేశాను మామయ్యగారూ! ఇంకో ఐదు నిమిషాల్లో ఎక్కుతుంది.”

“నాన్నా, చలేస్తే చెప్పండి, తగ్గిస్తారు!” అంది వెనక నుంచి మా ఆవిడ.

పదో కిలోమీటరుకు ఆయన ముఖం కందగడ్డలా ఎర్రబడింది. పదిహేనో కిలోమీటరుకు మాట ఆగిపోయింది, చేయి ఒళ్లో వాలిపోయింది. అద్దం దించబోయాను. సరిగ్గా అప్పుడే తోడల్లుడి కారు పక్కకొచ్చింది, లోపల నుంచి వదినగారు చేయూపింది. నేనూ నవ్వుతూ చేయూపాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఒక పెట్రోలు బంకు నీడలో రెండు కార్లూ ఆగాయి. మామగారు గ్లాసుడు నీళ్లు తాగి, తూలుకుంటూ వెళ్లి ఆ కారులో పడ్డారు. అత్తగారు ఉతికి పిండిన గుడ్డలా వచ్చి నా కారులో కూలబడ్డారు.

“అమ్మయ్య! ఏసీ గట్టిగా పెట్టండి నాయనా! పెద్దల్లుడుగారు పాపం ఇంకో ఐదు నిమిషాల్లో ఎక్కుతుందని దారంతా చెబుతూనే ఉన్నారు.”

అదే క్షణంలో అవతలి కారులోంచి మామగారి గొంతు వినిపించింది. “పెద్దల్లుడుగారూ, కాస్త గట్టిగా పెట్టండి! చిన్నవాడి కారులో ఉడికిపోయాను!”

తోడల్లుడూ నేనూ కిందికి దిగి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

“మీది ఎన్నాళ్లైంది?” అన్నాడాయన మెల్లగా.

“పది నెలలు అన్నయ్యా. మీది?”

“పదహారు.”

ఇందులోనూ ఆరు నెలలు ముందే!

మా మాటలు చెవినపడి మామగారు దిగివచ్చి విశ్వరూపం చూపించారు. “తక్కెడ కింద మైనం అంటించినవాణ్ణి పట్టుకున్నా! తూకపురాయి తొలిచి సీసం తీసినవాణ్ణి పట్టుకున్నా! ఉత్త గాలితో మోసం చేసేవాళ్లు నా ఇంట్లోనే ఉన్నారని కనిపెట్టలేకపోయా! పరువంటే అద్దాల్లో ఉంటుందా? దించండి అన్నీ!”

సిగ్గుతో చచ్చిపోయాం. రెండు కార్లూ సరిసమానంగా తూగాయి కాబట్టి ఇక మార్పిడి అక్కర్లేదని, మామగారు మళ్లీ నా కారే ఎక్కారు. ఎనిమిది అద్దాలూ దిగాయి. గాలి హోరున కొట్టింది. వేడిగాలే అయినా కారు కదులుతుంటే ఎంత హాయి! మామగారు కోటు విప్పేశారు, ముఖానికి రంగొచ్చింది. మా ఆవిడ పది నెలల తర్వాత కారులో మనస్ఫూర్తిగా నవ్వింది. నాకు నెత్తి మీంచి బండ దించినట్టయింది.

“ఈ సంగతి ఇవాళ ఉపన్యాసంలో చెబుతాను. పేర్లు చెప్పనులెండి!” అన్నారు మామగారు ఉత్సాహంగా.

ఆఫీసు వీధి మలుపు తిరిగాం. గేటు దగ్గర పదిమంది దండలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మామగారు కళ్లు చికిలించి చూసి, గబగబా కోటు తొడుక్కున్నారు.

“అల్లుడుగారూ, అద్దాలు ఎత్తండి.”

“మామయ్యగారూ, మీ బీపీ...”

“రెండు నిమిషాలకేం కాదు, ఎత్తండంటుంటే! ఆ ముందున్న బట్టతలవాడు నా కింద గుమాస్తాగా చేశాడు. మొన్ననే ఏసీ కారు కొన్నాడట! వెనక మీ బావగారికి కూడా ఫోన్ చేసి చెప్పమ్మా, త్వరగా!”

ఎనిమిది అద్దాలూ ఎక్కాయి. కారు ఆగింది. గుమాస్తా పరుగున వచ్చి తలుపు తీశాడు. మామగారు నుదుటి చెమట రుమాలుతో ఒత్తుకుంటూ దిగి, ఆకాశం వైపు ఆశ్చర్యంగా చూశారు.

“అబ్బ! బయట ఇంత ఎండగా ఉందటయ్యా?”