బొద్దు అక్షరానికి జేజేలు

ఆ రోజు పొద్దున ఆకాశంలో మబ్బూ లేదు, నీలమూ లేదు. సున్నం కొట్టిన గోడలా ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే తెలుపు. చూస్తుంటే నాకు జ్ఞానోదయమైంది. లోకంలో అన్నీ ఒకేలా ఉంటే ఎంత హాయి!

మా వీధికి ఆ హాయి వచ్చేసింది. బోర్డులన్నిటికీ ఒకే ఫాంట్! లావుగా, గుండ్రంగా, గిన్నె బోర్లించి గీసినట్టుండే అక్షరం. ఒంపు లేదు, తోక లేదు. మందుల షాపు, పళ్ల డాక్టరు, శవపేటికలు చేసే వడ్రంగి, అందరిదీ ఒకటే మొహం. మొన్న క్షవరానికని వెళ్లి అరగంట బ్యాంకులో కూర్చున్నాను. ఏసీ ఉంది. నష్టమేముంది?

ఇదివరకు ఎంత గందరగోళం! అంతా మా బావ నిర్వాకమే. ముప్పై ఏళ్లు బోర్డులు రాశాడు. దర్జీకి రాస్తే అక్షరం దారంలా సాగేది. ఐసు ఫ్యాక్టరీకి రాస్తే చూసినవాడికి చలేసేది. సభ్యసమాజంలో ఒక్కొక్కరికి ఒక్కో అక్షరమా?

కిరాణా షాపు కాగితం సంచుల మీద పేర్లు అద్దడానికి అచ్చురేకులు కోసేదీ ఆయనే. ఉప్పు సంచీ మీది అక్షరానికి చివర కోడితోకలా ఒక విసురు. చక్కెరకు అది లేదు. మా అమ్మకు చదువు రాదు. తోకుంటే ఉప్పు, లేకుంటే చక్కెర. ఆ చదువుతోనే మమ్మల్నందర్నీ పెంచింది.

ఈమధ్య షాపులో కూర్చుంటున్న చిన్న షావుకారు బావను పిలిపించాడు.

"మావయ్యా, బ్రాండింగ్ చేయిస్తున్నా. ఈ కొత్త అక్షరం చూసి రేకులు కోసిపెట్టు."

"తోకో?"

"తోకలు పాతబడ్డాయి మావయ్యా. క్లీన్‌గా ఉండాలి."

"మరి ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది?"

"చదువుకుంటారు!"

బావ నసిగాడు. పక్కనున్న నేనే ఎగదోశాను. "కొయ్యి బావా, కాలంతో పాటు నడవాలి!"

"నీ కాలం నడవట్లేదోయ్, దొర్లుతోంది" అన్నాడు. అని, కోశాడు. ఆ సాయంత్రమే కుంచెలన్నీ కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడట. అక్క చెప్పింది.

ఆ తెల్లటి ఆకాశం రోజునే అక్కా బావా మా ఇంటికి భోజనానికి వచ్చారు. అమ్మ సంచీతో షాపు నుంచి వచ్చింది.

"ఏం షాపురా అది! ఎటు చూసినా చక్కెరే. ఉప్పు ఒక్కటీ లేదు. పోనీలే, అల్లుడొచ్చాడుగా, పాలన్నం వండుతా."

వండింది. తెల్లగా, క్లీన్‌గా వచ్చింది. వడ్డించుకుని అందరం కూర్చున్నాం.

మొదటి ముద్దకే అక్క నా వైపు చూసింది. నేను పళ్లెం వైపు చూశాను. అమ్మ నోట్లో ముద్ద ఒక్క క్షణం ఆగింది, మళ్లీ కదిలింది. సంచీ గూట్లోనే ఉంది, మీద బొద్దుగా ఉప్పు అని, మా అందరికీ కనబడేటట్టు.

బావ గిన్నె దగ్గరికి లాక్కుని రెండోసారి వడ్డించుకున్నాడు.