ఆకు పుట్టిన తేదీ

అశ్వారావుపేట పామాయిల్ తోటల అంచున, అడవి మొదలయ్యే చోట ఉన్న నూతన సృష్టి ఉన్నత పాఠశాలలో, గత నవంబరు పద్నాలుగవ తేదీన జరిగిన అత్యవసర సమావేశంలో భూగోళం వయస్సు ఆరువేల సంవత్సరాలుగా ప్రతిపాదించబడినది. భూగోళానికి ముందస్తు నోటీసు ఇవ్వలేదు. కోరం సరిపోయినందున ఆ అవసరం కలగలేదు.

ఇందుకు కారణం ఒక ఆకు. లారీలు బాగుచేసే ఆజం షెడ్డులో, బొగ్గు లారీ నుంచి రాలిన రాతిపలకను ఆయన కూతురు షబ్నమ్ పగలగొడితే, లోపల ఈనెలతో సహా అచ్చుపడిన ఆకు కనబడింది. తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్ల దానిని అట్టపెట్టెలో దూది మీద పడుకోబెట్టి, "వయస్సు: సుమారు ఇరవై ఐదు కోట్ల సంవత్సరాలు" అని చీటీ అంటించి, జిల్లా సైన్స్ ప్రదర్శనకు పంపమని టీచరు నిర్మలాదేవి చేతికిచ్చింది. నిర్మలాదేవి అక్షరదోషం ఒకటి దిద్ది సంతకం చేసింది. కరస్పాండెంటు జంపయ్య గారి సంతకం కూడా పడితేనే షబ్నమ్ ప్రయాణం. గడువు ఆ సాయంత్రం నాలుగు గంటలు.

జంపయ్య గారు నిష్ఠాపరులు. బైబిలులో ఆరు రోజులని ఉంటే ఆరు రోజులే. రోజుకు ఇరవై నాలుగు గంటలే. అందులోని వంశావళులన్నీ కూడి, సృష్టి జరిగిన సంవత్సరాన్ని బడి క్యాలెండరు వెనక అట్ట మీద, సెలవుల జాబితా కింద, అచ్చు వేయించిన దూరదృష్టి ఆయనది.

"ఇరవై ఐదు కోట్లా? ఆదాముకంటే ముందుగాల ఆకు ఎట్ల రాలింది మేడం?"

"ఆకు ముందే సార్. చెట్లు మూడో రోజు, ఆదాము ఆరో రోజు."

"అవ్, ముందే! కానీ మూడు రోజులే ముందు!"

నిర్మలాదేవికి బైబిలు పరాయిది కాదు. ముప్ఫై ఏళ్లుగా చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది ఆమే. కాన్వెంటులో ఒకే సిస్టర్ మొదటి పీరియడులో ఆదికాండం, రెండో పీరియడులో వృక్షశాస్త్రం చెప్పేది. మధ్యలో గంట మోగేది. ఆ రెండింటికీ తగవు వచ్చినట్టు ఆమెకు జ్ఞాపకం లేదు.

తగవన్నాక పెద్దమనిషి కావాలి. తల్లిదండ్రుల సంఘం అధ్యక్షులు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ తోటలు వేసిన వెంకటప్పయ్య గారిని పిలిపించారు. పొలంగట్ల తగాదాలు తీర్చడంలో ఆయనకు పేరుంది.

"ఆవిడేమో పాతిక కోట్లంటోంది, మీరేమో ఆరువేలంటున్నారు. ఇద్దరూ కాస్త కాస్త సర్దుకుంటే పోలా?"

జంపయ్య గారు ఉదారంగా ఆరువేల అయిదు వందలకు వచ్చారు. నిర్మలాదేవి ఒక్క ఏడాది కూడా దిగలేదు. మొండిమనిషని సభ అభిప్రాయపడింది. గడియారం మూడు దాటింది. వరండాలో షబ్నమ్ అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది.

అప్పుడు గుమాస్తా ఆదినారాయణ అడ్మిషన్ రిజిస్టరు తెచ్చి శాస్త్రీయమైన మార్గం చూపించాడు.

"పుట్టిన తేదీ తెల్వకుంటే జూన్ పదకొండు రాసుడు మన ఆనవాయితీ సార్. ఈ బడిల నూట ఎనభై మంది గదే రోజు పుట్టిండ్రు. ఆకుకు సుత గదే రాద్దాం."

"మరి సంవత్సరం?" అన్నారు వెంకటప్పయ్య గారు.

"వెనకట తల మీదికెల్లి చెయ్యి పెట్టి చెవి అందితే అయిదేండ్లు రాసేటోళ్లం. దీనికి చెవి లేదాయె."

సభ చింతాక్రాంతమైంది. నిర్మలాదేవి మాత్రం రిజిస్టరును తనవైపు తిప్పుకుని పాత పేజీలు తిరగేసింది. జంపయ్య గారు, డ్రిల్లు మాస్టారైన ఆయన అన్నగారు, ఇద్దరూ ఆ బడిలోనే చదివినవారు.

"సార్, దీని ప్రకారం మీ అన్నగారు ఫిబ్రవరి పదకొండున పుట్టారు. మీరు అదే సంవత్సరం జూన్ పదకొండున. నాలుగు నెలలే తేడా. అక్షరాలా నమ్మమంటారా?"

"అది బళ్లె చేర్చుకునేటందుకు రాసిండ్రు మేడం! అక్షరాలా తీసుకుంటే మా అమ్మ ఇజ్జత్ ఏంగావాలె?"

"అదే సార్. దేనికోసం రాశారో దానికోసమే చదవాలి. మా సిస్టర్ చెప్పింది కూడా ఇంతే."

వెంకటప్పయ్య గారు దగ్గారు. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది. నాలుగుకు అయిదు నిమిషాలుండగా జంపయ్య గారు సంతకం చేసి, "పై వయస్సుకు యాజమాన్యము బాధ్యత వహించదు" అని కింద రాసి, ముద్ర వేశారు.

జిల్లా ప్రదర్శనలో ఆకు వయస్సును ఎవరూ ప్రశ్నించలేదు. అధికారులు ఇరవై ఐదు కోట్లను చూసి, ముద్ర ఉన్నదని తృప్తిపడి, ముందుకు సాగారు. అభ్యంతరం వచ్చింది షబ్నమ్ వయస్సు మీద. బడి రిజిస్టరులో జూన్ పదకొండు; ఆధార్ కార్డులో జనవరి ఒకటి. తేదీలు కలవని విద్యార్థినికి ప్రవేశం లేదని నియమావళి ఏడవ పేజీలో ఉంది.

"రంజాన్‌కు ముందటి శుక్రవారం పుట్టింది సార్. జోరువాన. నేనే కన్నా కదా, నాకు తెల్వదా?" అంది తల్లి షరీఫా.

ఆ వివరానికి ఫారంలో గడి లేదు. నిర్మలాదేవి కూడా వాదించింది. వెంట తెచ్చిన రిజిస్టరును అధికారులు చదివి వినిపించమన్నారు, అందులో ఏముందో అదే చదవాల్సివచ్చింది. నూట ఎనభై మందిని ఒకే రోజు పుట్టించిన ఆ పుస్తకాన్ని ముప్ఫై ఏళ్లు రోజూ చూస్తూ, తానూ నోరెత్తలేదని ఆమెకు అప్పుడు స్ఫురించింది.

ఆకుకు ప్రథమ బహుమతి వచ్చింది. షబ్నమ్ గేటు బయట నిలబడి మైకులో విన్నది.

ఇంతవరకు జంపయ్య గారిని చూసి నవ్విన పాఠకులు దయచేసి తమ పదో తరగతి మెమో తీసి, పుట్టిన తేదీ ఒకసారి చూసుకోవలసిందిగా మనవి. అందులో జూన్ నెల ఉన్నట్లయితే, మిమ్మల్ని సృష్టించడానికి ఏ గుమాస్తాకూ ఆరు నిమిషాలైనా పట్టి ఉండదు.