తుప్పు పట్టని పలక

ఆ రోజు పొద్దున భీమశంకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి డాబా ఎక్కాలి. అక్కడ కమ్మీకి వేలాడుతున్న మూడు ఉక్కు పలకలనూ విప్పి, పాత చీరలో చుట్టి, స్కూటరు మీద పరిశోధనశాలకు పట్టుకుపోవాలి. అంతే. ఢిల్లీ నుంచి వచ్చిన కమిటీ ముందు ఆ మూడింటినీ వరుసగా పెడితే, ఏడాది పొడుగునా జంషెడ్‌పూర్‌లో ఆయన పేట అయిన సీతారాండేరా ఎండా వానా తమకు ఏం చేశాయో అవే చెప్పుకుంటాయి. ఆయన నోరు విప్పే అవసరమే ఉండదు. అలాంటి రోజులంటే భీమశంకర్‌కు మహా ఇష్టం.

మూడింటిలో ఒకదానికి ఆయన సొంత పూత ఉంది. పలాస వైపు నుంచి తెప్పించిన జీడిపిక్కల తొక్కు నూనెతో, తలకు రంగు వేసుకోనవసరం లేని రోజుల నుంచీ ఆయన వండుతున్న పూత అది. రెండోదానికి బజారులో దొరికే మామూలు రంగు వేశారు. మూడోది ఏ పూతా లేని ఉత్త పలక. పరిశోధనల్లో పెద్దపీట ఈ ఉత్త పలకదే. అది ఎంత బాగా తుప్పు పడితే పక్కనున్న పూత అంత గొప్పదని తేలుతుంది. దాని మూల మీద బి-3 అని లోతుగా గుద్దించారు. ఇలాంటి పలకలు మామూలుగా అరచేతంత ఉంటాయి. అరచేతంత ముక్కలో వంతెన ఎలా కనిపిస్తుందని వర్క్‌షాపు వాళ్ళతో పోట్లాడి భీమశంకర్ పెద్దవి కోయించుకున్నాడు.

వంతెన ఆయన కల. నిద్రలో వచ్చేది కాదు, కళ్ళు తెరుచుకునే కనేది. సువర్ణరేఖ నది మీద మంచు పరుచుకుని ఉంటుంది. ఆ మంచులోంచి తేనెరంగు వంతెన ఒకటి మెల్లగా బయటికి వస్తుంది. దాని మీద ఎక్కడా రంగు డబ్బా పట్టుకున్న మనిషి కనిపించడు. పిల్లలు కమ్మీలు పట్టుకుని నడుస్తారు, వాళ్ళ అరచేతులు ఎర్రబడవు. ఆ వంతెన మీదికి వెళ్ళినప్పుడు భీమశంకర్‌కు ఎదుటివాళ్ళ మాట వినపడదు. వినపడలేదని తెలియకుండా ఉండటానికి ఆయన తల మాత్రం ఊపుతూ ఉంటాడు. ఆ తల ఊపు పుణ్యమా అని ఇంట్లోకి మూడు ప్రెషర్ కుక్కర్లూ, పనికిరాని ఒక కుట్టుమిషనూ వచ్చి చేరాయి.

ఈసారి మాత్రం తల ఊపితే సరిపోయే వ్యవహారం కాదు. గమ్హరియాలో వేలాడదీసిన పలకలనూ, గోవింద్‌పూర్‌లో పెట్టిన పలకలనూ పాత ఇనుము ఏరుకునేవాళ్ళు ఎప్పుడో ఎత్తుకుపోయారు. మిగిలినవి సొంత డాబా మీద కట్టుకున్న ఈ మూడే. ఇవి గట్టిగా నిలబడితే ప్రాజెక్టు ముందుకు సాగుతుంది. లేకపోతే ఇవాళ్టితో మూసేసి, భీమశంకర్‌ను లైబ్రరీలో పాత నివేదికలకు నంబర్లు వేసే కుర్చీలోకి పంపిస్తారు. లైబ్రరీ కిటికీలోంచి నది కనిపించదు.

డాబా ఎక్కి చూస్తే మొదటి దెబ్బ సొంత పూతే కొట్టింది. అంచుల వెంబడి పొర లేచి, కింద తుప్పు గోధుమరంగు చారలు గీసింది. మూడోదైనా చూద్దామని భీమశంకర్ చెయ్యి చాచాడు. చేతిలోకి వచ్చింది పలక కాదు, గుండ్రంగా ఉంది. పిడి ఊడిపోయి, నిలువెల్లా తుప్పు పట్టిన అట్ల పెనం.

రోజూ స్కూటరు స్టార్టు చేస్తూ ఆయన తలెత్తి చూసేవాడు. మూడూ నల్లగా వేలాడుతూ కనిపించేవి. నెలనెలా వచ్చి పరీక్షించవలసిన జూనియర్ సుదీప్ కూడా మెట్లెక్కే బద్ధకంతో వీధిలోంచే మూడు లెక్కపెట్టుకుని పోయేవాడు. పెనం చేత్తో పట్టుకుని భీమశంకర్ వంటింట్లోకి దిగాడు. అక్కడ అత్తగారు జోగమ్మ పొయ్యి మీద నలుచదరపు పెనం పెట్టి అట్లు పోస్తోంది.

"అత్తయ్యా, ఇదెక్కడిది?"

"ఏదీ, పెనమా? మీ డాబా మీదదే బాబూ. వానలకి ఎర్రగా అయిపోయి ఊరికే యేలాడతంటే సూడలేక దించీసాను. ఇటికముక్కెట్టి రుద్ది, నూనె రాసి కాల్సీసరికి దారికొచ్చింది. సూడండి, అట్టు ఎంత సుబ్బరంగా లేత్తందో."

"మరి ఈ పాత పెనం అక్కడికెలా వెళ్ళింది?"

"సర్కారోల్ల సొత్తు కదేటి. ఒకటి తీసుకుని కాళీగా ఒగ్గీడం తప్పని, బదులు మన పాతది కట్టీసాను."

రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి భార్య ఆవిడ. సర్కారు సొత్తు విషయంలో ఆవిడ నిజాయితీని వేలెత్తి చూపడానికి లేదు. పైగా వానాకాలం నుంచీ అట్లు అద్భుతంగా ఉంటున్నాయని మెచ్చుకుంటూ, అడిగి మరీ వేయించుకుని తిన్నది భీమశంకరే. కాలేజీకి తయారవుతున్న కూతురు అపూర్వ, అమ్మమ్మ నాన్నగారి రీసెర్చిని రెండు వైపులా కాల్చేసిందని హిందీలో వ్యాఖ్యానించి తల్లి చేత చీవాట్లు తింది. భీమశంకర్ ఆ పలక వంక చూశాడు. నల్లగా, నున్నగా, తుప్పు వాసనైనా లేకుండా మెరుస్తోంది. తన ఇన్నేళ్ళ పూత కంటే వేయి రెట్లు బాగుంది. ఆయనకు కోపం రాలేదు. ఏడుపు వచ్చింది, దాన్నీ మింగేశాడు. ఆలస్యమవుతోందని భార్య రుక్మిణి రెండు పలకలతో పాటు ఆ తుప్పు పెనాన్నీ చీరలో మూటకట్టి స్కూటరు ముందు పెట్టింది.

ఉత్త పలక పోయిందని కమిటీకి ఉన్నదున్నట్టు చెప్పేయాలని దారిలోనే నిశ్చయించుకున్నాడు. ప్రయోగశాలలో మూట విప్పుతుంటే సుదీప్ గుండెలు బాదుకున్నాడు. పలక పోయిందంటే కమిటీ చైర్మన్ డాక్టర్ భార్గవ ఫైలు అక్కడికక్కడే మూసేస్తాడనీ, నెలనెలా పరీక్షించింది ఎవరని అడుగుతాడనీ అతని భయం. పుట్టింది జంషెడ్‌పూర్‌లోనే కాబట్టి ఏ భయం వచ్చినా అతనికి సగం హిందీలోనే వస్తుంది.

"సార్, వాళ్ళకి కావలసింది తుప్పే కదా. ఈ పెనానికి బోలెడుంది. గోల్ హై తో క్యా హువా, గుండ్రంగా ఉంటే ఏం, నలుచదరంగా కోయించేస్తాను. ఓకేనా సార్?"

ఆ సమయానికి భీమశంకర్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నది మీద మంచు ఇంకా విడలేదు. ఈ కిటికీలోంచి నదిని చూడటం ఇదే ఆఖరేమో అనుకునేసరికి వంతెన మరింత అందంగా కనిపించింది. దాని మీద చాలా దూరం నడిచాడు. నడుస్తూ నడుస్తూ మామూలుగా తల ఊపాడు.

ఆయన వంతెన దిగి మీటింగు హాల్లోకి వచ్చేసరికి బల్ల మీద మూడూ వరుసగా ఉన్నాయి. మూడోదానికి బి-3 అన్న చీటీ కూడా అంటించి ఉంది. డైరెక్టరుగారు పరిచయాలు చేస్తున్నారు. భీమశంకర్ నోరు తెరిచేలోగా డాక్టర్ భార్గవ ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉండి, నవ్వును కూడా ఎవరో సిఫారసు చేస్తే గానీ మంజూరు చేయని మనిషి ఆయన. ముక్కను కంటి ఎత్తున పట్టుకుని, ఇది గుంటగా వంగిందేమని అడిగాడు.

తుప్పు ఉబ్బి వంచేసిందని సుదీప్ తడుముకోకుండా చెప్పాడు.

డాక్టర్ భార్గవ కళ్ళజోడు తీశాడు, తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఒక్క ఏడాదిలో ఉక్కును వంచేసే గాలిలో అంచులు మాత్రమే లేచిన ఈ జీడిపూత సామాన్యమైనది కాదన్నాడు. ఇన్నేళ్ళలో తన పూతను ఒక పెద్దమనిషి మెచ్చుకోవడం భీమశంకర్ వినడం అదే మొదటిసారి. ఒళ్ళంతా వెచ్చబడింది. ఆ వెచ్చదనం సిగ్గుగా మారేలోపే చైర్మన్ రెండో మాట అన్నాడు. సీతారాండేరా గాలి ఇంత ప్రమాదకరమైతే అక్కడి కరెంటు స్తంభాలూ, నీళ్ళ ట్యాంకు కాళ్ళూ ఏ స్థితిలో ఉన్నాయని అడిగాడు. డైరెక్టరుగారి ముఖం పాలిపోయింది. జనం ప్రాణాలకు సంబంధించిన విషయం కాబట్టి భోజనం సంగతి తర్వాత చూసుకోవచ్చనీ, ముందు స్థలం తనిఖీ చేయాలనీ చైర్మన్ లేచాడు. నీళ్ళ ట్యాంకు కింద ఎవరూ నిలబడకుండా చూడమని డైరెక్టరుగారు ఎవరికో ఫోను చేయించారు.

జీపులో భీమశంకర్ నిజం చెబుదామని చాలాసార్లు గొంతు సవరించుకున్నాడు. ప్రతిసారీ చైర్మన్ దాన్ని దగ్గు అనుకుని, గాలిలో గంధకం ఎక్కువగా ఉన్నట్టుందని పక్క సభ్యుడికి రాయించాడు. చేసేది లేక భీమశంకర్ వంతెన మీదికి పోయాడు. ఇవాళ అదీ బాగాలేదు. మధ్యలో గుంటగా వంగి ఉంది, బళ్ళన్నీ పిండి జారినట్టు ఆ గుంటలోకి జారుతున్నాయి. తెల్ల ముండాసు కట్టుకున్న సూర్యుడు పైనుంచి అట్లకాడ పట్టుకుని చూస్తున్నాడు.

భీమశంకర్ ఇంటి ముందు దిగి చైర్మన్ కరెంటు స్తంభాన్ని చాకుతో గీకాడు. స్తంభం నిక్షేపంగా ఉంది. గేటు గీకాడు, కిటికీ ఊచలు గీకాడు, డాబా మీద నీళ్ళ గొట్టం గీకాడు. ఎక్కడా ఏమీ లేదు. వీధిలోవాళ్ళు ఇల్లు జప్తు చేయడానికి వచ్చారనుకుని గుంపు కట్టారు. అయోమయంగా కిందికి దిగి ముందు గదిలో కూలబడిన చైర్మన్‌ను చూసి జోగమ్మకు ఒక్కటే తోచింది. భోజనం వేళకు ఇంటికొచ్చిన మనిషి ఖాళీ కడుపుతో గోడలు గీకుతున్నాడు. మంచినీళ్ళు తాగేలోపే అందరి చేతుల్లోకీ అట్ల పళ్ళాలు వచ్చాయి.

చైర్మన్ మొదటి ముక్క తిని ఆగాడు. రెండో ముక్క కొంచెం తొందరగా తిన్నాడు. భీమశంకర్ చూపు ఆ పళ్ళెంలోకి పోయింది. అట్టు అంచున, కొబ్బరి పచ్చడి కింద సగం మునిగి, బి-3 ఉబ్బెత్తుగా తేలి ఉంది. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది గానీ స్పష్టంగానే ఉంది.

జీపులో వెంట వచ్చిన సుదీప్ కూడా చూశాడు. చూసి, మాట్లాడకుండా ఉండమని కళ్ళతో బతిమాలాడు. నిజమే, ఇంకో నాలుగు ముక్కలు ఓపిక పడితే చాలు. సాక్ష్యం మొత్తం చైర్మన్‌గారి కడుపులోకి పోతుంది. ప్రాజెక్టు ఉంటుంది, కిటికీ ఉంటుంది, నది ఉంటుంది. పూత గొప్పదని రాసిన నివేదికను నమ్మి ఎవరో ఒకరు ఆ పూతతోనే వంతెన కడతారు. అక్కడికొచ్చేసరికి భీమశంకర్ ఆలోచన ఆగిపోయింది. ఆ వంతెన మీద పిల్లలు నడుస్తారు.

"ఆ మూల తినకండి సార్," అన్నాడు. "దాని మీద నా నమూనా నంబరుంది."

తర్వాత అంతా చెప్పేశాడు. ఉత్త పలక పొయ్యి మీద ఉందనీ, బల్ల మీదున్నది అత్తగారి పాత పెనమనీ, అది తుప్పు వల్ల కాదు పుట్టుకతోనే గుంటగా ఉందనీ చెప్పాడు. కోయించడానికి తానే తల ఊపానని కూడా చెప్పాడు. సుదీప్ పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. డాక్టర్ భార్గవ చెంచాతో పచ్చడి పక్కకు జరిపి నంబరు చదివాడు. లేచి వంటింట్లోకి నడిచి, పొయ్యి మీదికి వంగి ఆ పలకను చాలాసేపు పరీక్షగా చూశాడు.

"ఇంకోటి ఏత్తన్నాను, కూకోమనండి బాబూ," అంది జోగమ్మ.

చైర్మన్ తిరిగొచ్చి ఒకే ప్రశ్న వేశాడు. ఇప్పుడు ఆ జీడిపూత మంచిదా, కాదా?

"అంచులు లేచిపోయాయి సార్. మంచిది కాదనే నాకనిపిస్తోంది," అన్నాడు భీమశంకర్.

అనిపించడం ఫలితం కాదని డాక్టర్ భార్గవ కటువుగా చెప్పాడు. ఉత్త పలక తుప్పు పట్టనప్పుడు పోల్చి చూడటానికి ఏమీ లేదు. పోల్చి చూడనప్పుడు పరీక్ష జరగనట్టే. విఫలమైన ప్రాజెక్టులను మూసే అధికారం కమిటీకి ఉంది గానీ, పరీక్షే జరగని ప్రాజెక్టును మూసే అధికారం ఎవరికీ లేదు. కాబట్టి మళ్ళీ మొదటి నుంచి ఏడాది పరీక్ష చేసి తీరాలి, ఈలోపు ఆ అంచుల సంగతీ చూసుకోవాలి. సుదీప్ మాత్రం వారం వారం డాబా ఎక్కి, పలకలను చేత్తో ముట్టుకుని సంతకం పెట్టాలి. నిజం చెప్పి మునిగిపోదామని సిద్ధపడ్డ భీమశంకర్‌కు, ఆ నిజమే తనను ఒడ్డుకు చేర్చిందని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అందరూ చూస్తుండగా కళ్ళు తుడుచుకున్నాడు, తల మాత్రం ఊపలేదు.

బి-3ని వెంటనే పరిశోధనశాలకు అప్పగించాలని కూడా చైర్మన్ ఆదేశించాడు. ఇప్పుడిప్పుడే దారికొచ్చిన పెనాన్ని ఇచ్చేది లేదని జోగమ్మ చెప్పింది. డాక్టర్ భార్గవ తన పళ్ళెంలోని మిగిలిన ముక్క వంక చూసి, నమూనాను ఉన్నచోటే ఉంచవలసిందిగా ఆదేశాన్ని సవరించాడు. పరిశోధనశాల రికార్డుల ప్రకారం బి-3 మీద పరీక్ష ఇప్పటికీ నడుస్తూనే ఉంది, ఆదివారాలు మాత్రం రెండు పూటలా.