నెయ్యి గోడ

వెన్నెలపాలెంలో ఇళ్ల గోడలు కొవ్వుతో కడతారు కాబట్టి, అక్కడ పెళ్లంటే వధూవరుల ఇళ్లను దగ్గరికి జరిపి గోడలు కలిపెయ్యడమే. గోడలు కలవకపోతే పెళ్లి చెల్లదు. ఈ పనికి మునిసిపాలిటీలో గోడల కలయిక శాఖ ఉంది. దాని సిబ్బందిని మోకాళ్ల దాకా గోడల్లో పాతి నియమిస్తారు. ముహూర్తానికి ఈ గోడవాళ్లూ ఆ గోడవాళ్లూ చేతులు పెనవేసుకుని లాగుతారు. పింఛను సౌకర్యం కూడా ఉంది.

టైలరు అలివేలుకూ, రిటైరైన బస్సు కండక్టరు కోదండపాణికీ లేటు వయసులో పెళ్లి కుదిరింది. ఒంటరి భోజనాలతో విసిగిపోయిన ఇద్దరూ ఆ రోజు కోసం తెగ ఎదురుచూశారు. తీరా ముహూర్తం వేళకు గోడలు కలవలేదు. అలివేలు గోడలోని సిబ్బంది నిటారుగా నిలబడి చేతులు చాచారు. కోదండపాణి గోడవాళ్లు మాత్రం ఒక మూల గుంపుగా ఇరుక్కుని కబుర్లు చెప్పుకుంటున్నారు.

"లాగండర్రా! పొద్దున్న టిఫిన్లు బాగానే లాగించారుగా!" అని సూపర్‌వైజరు వెంకటాచలం గావుకేక పెట్టాడు.

"కాళ్లు కదిలితేగా సార్! గోడ బిర్రబిగుసుకుపోయింది," అన్నాడు గుంపులో ఒకడు.

వెంకటాచలం వాళ్లందరికీ మెమోలు ఇచ్చాడు. కండబలం ఉన్నవాళ్లను తెప్పించి అదే గోడలో పాతించాడు. గోడ ఈ కొత్తవాళ్లనూ ఆ మూలకే నెట్టేసింది. అక్కడ కబుర్లు మంచి పాకంలో ఉన్నాయి.

అలివేలు వచ్చి ఆ గోడను గోటితో గీకి చూసింది. "ఏమండీ, దీనికి ఏం రాస్తారు?"

"నెయ్యి. మా అమ్మ ఉన్నప్పటి నుంచీ నెయ్యే," అన్నాడు కోదండపాణి గర్వంగా.

"అదీ సంగతి! గడ్డకట్టి కూచుంది. నువ్వుల నూనె రాద్దాం."

"నూనా! వీధిలో మా పరువేం కాను?"

"పరువు కావాలో, నేను కావాలో తేల్చుకోండి. ముహూర్తం దాటిపోతోంది."

కోదండపాణి మొహం చిన్నబోయింది. అమ్మ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. కాసేపటికి చొక్కా చేతులు మడిచి, నూనె గిన్నె తనే పట్టుకున్నాడు.

అలివేలు రాస్తున్నకొద్దీ గోడ మెత్తబడింది. మూలనున్నవాళ్లు విడివడి ఎవరి చోటికి వాళ్లు జరిగారు. వంగిన నడుములు నిటారయ్యాయి, చేతులు వాటంతటవే చాచుకున్నాయి. వధూవరులు ఎవరింట్లోకి వాళ్లు వెళ్లి నిలబడ్డారు. ఈసారి పెద్దగా లాగే పనే లేకపోయింది. ముందు పై పొరలు కలిశాయి, తరువాత లోపలి పొరలు. చిన్న కన్నం పడి, అలివేలు వంటింటి పులిహోర వాసన కోదండపాణి ఇంట్లోకి వచ్చింది. కన్నం గుమ్మమంత అయ్యేసరికి ఆ వెనకే అలివేలు నవ్వుతూ వచ్చింది. అందరూ అక్షింతలు వేశారు.

వారం తిరక్కుండా వెంకటాచలానికి టౌన్‌హాల్లో సన్మానం జరిగింది. "మెమో గట్టిగా ఇస్తే గోడలైనా కలుస్తాయి!" అన్నాడాయన మైకులో.

"నూనె మాటే ఎత్తడేం?" అని కోదండపాణి గొణిగాడు.

"పోనిద్దురూ, కలిశాయిగా," అంది అలివేలు.

గోడ మళ్లీ బిగుసుకోకుండా నూనె రోజూ రాయాలి. ఆ పని ముగించుకునే ఆమె సభకు వచ్చింది. శాలువా కప్పుతుంటే ఆమె కూడా సంతోషంగానే చప్పట్లు కొట్టింది. నూనె చేతులు కావడంతో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు.